రక్తం ఎక్కించాక ఆయాసం: కోడ్ ఎవరు తేల్చాలి?

నర్సు: మన సోమందేపల్లె చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లనే తీసుకో పాపా. చెనక్కాయ చేలల్లో కూలికి పోయే మనిషి, ఒంట్లో హిమోగ్లోబిన్ ఐదు గ్రాములకు పడిపోయాక గానీ ఆసుపత్రికి రాదు. ప్యాక్డ్ సెల్స్ ఒక బ్యాగు ఎక్కిస్తాం. రెండు గంటలు తిరక్కముందే పడుకోలేక లేచి కూర్చుంటుంది. ఆక్సిజన్ పెడతాం, ఒంట్లో నీరు తీసే లాసిక్స్ ఇంజెక్షన్ ఇస్తాం, తెల్లారేసరికి తేరుకుంటుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఏముంటుంది? తీవ్ర రక్తహీనత, ఆయాసం, చికిత్సతో నయమైంది. అంతే. ఆ కాగితం జబ్బులకు కోడ్‌లు వేసే కోడర్ చేతికొస్తే రక్తహీనతకు ఒక కోడ్, ఆయాసానికి ఒక కోడ్ పడతాయి. రక్తం ఎక్కుతుండగా ఆయాసం వచ్చిందన్న సంగతి ఏ లెక్కలోకీ రాదు. దీన్ని నేను ఒప్పుకోలేను.

కోడర్: నేను ఇక్కడ ఇంట్లో కూర్చుని చూసేది అమెరికా ఆసుపత్రుల చార్టులక్కా. ఊరు ఏదైనా నా పని ఒకటే: డాక్టర్ రాసిందానికి కోడ్ వేయడం. రాయనిదానికి వేయకూడదు. అమెరికాలో వాడే ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్ పుస్తకం మార్గదర్శకాల్లో చికిత్స వల్ల వచ్చే ఇబ్బందుల గురించి ఒక నియమం ఉంది. చికిత్స జరుగుతుండగానో, అయిపోయాకో వచ్చిన ప్రతి ఇబ్బందీ చికిత్స వల్ల వచ్చినట్టు కాదు. రెండింటికీ కార్యకారణ సంబంధం ఉందని వైద్యుడు రాయాలి. ఆ మాట కేస్ షీట్‌లో లేకపోతే ఆర్06.02, అంటే ఉత్త ఆయాసం. అంతకు మించి నేను ఒక్క అడుగు వేసినా అది వైద్యం చేసినట్టవుతుంది. ఆ చదువు నాకు లేదు, ఆ మనిషిని నేను చూడనూ లేదు.

నర్సు: చూసినవాళ్లం మేమున్నాం కదా. పదకొండు గంటలకు బ్యాగు తగిలించాం, ఒంటిగంటకు ఆయాసం. మధ్యలో ఇంకేమీ జరగలేదు. దీనికి పెద్ద చదువు కావాలా?

కోడర్: కావాలక్కా. హిమోగ్లోబిన్ ఐదుకు పడిపోయిన మనిషి గుండె అప్పటికే అలిసిపోయి ఉంటుంది. రక్తం ఎక్కించకపోయినా ఆ రాత్రి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఉండేదేమో. గర్భిణి అయితే బీపీ పెరిగి కూడా అదే జరగవచ్చు. న్యుమోనియా అప్పుడే మొదలై ఉండవచ్చు. అంతకుముందు పెట్టిన సెలైన్ ఎక్కువై ఉండవచ్చు. రక్తం వల్లే అనుకున్నా అందులో రెండు దారులున్నాయి. ఎక్కించిన రక్తాన్ని గుండె మోయలేక నీరు వెనక్కి తన్నితే టాకో. దాత రక్తంలోని యాంటీబాడీలు రోగి తెల్లకణాల మీద పనిచేసి ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాలు కారిపోయేలా చేస్తే ట్రాలీ. ఎక్స్‌రేలో రెండూ తెల్లగానే కనబడతాయి. ఒకదానికి ఇ87.71, ఇంకోదానికి జె95.84. పుస్తకంలో ఒకటి హార్మోన్లు, పోషణ, జీవక్రియ జబ్బుల అధ్యాయంలో ఉంటే రెండోది శ్వాసకోశాల అధ్యాయంలో ఉంది. ఏ పేజీ తిప్పాలో నేను ఎట్లా తేల్చను?

నర్సు: తేడా పట్టుకునే గుర్తులు లేకపోలేదు. టాకోలో బీపీ పెరుగుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, లాసిక్స్ పడగానే మనిషి తేలికపడుతుంది. ట్రాలీలో బీపీ పడిపోవచ్చు, జ్వరం రావచ్చు, నీరు తీసే మందు పనిచేయకపోగా ప్రమాదం కూడా. ట్రాలీ అయితే ఆరు గంటల్లోపు, టాకో అయితే పన్నెండు గంటల్లోపు. కానీ నువ్వన్నదాంట్లో నిజం ఉంది. అర్ధరాత్రి గుండె మీద భారాన్ని చూపించే బీఎన్‌పీ రక్తపరీక్ష లేని చోట, ఎకో తీసేవాళ్లు లేని చోట పెద్ద డాక్టర్లకు కూడా తేల్చడం కష్టమే. 2019లో నిపుణులు ట్రాలీ నిర్వచనాన్ని సవరించినప్పుడు, రెండింటినీ విడదీయలేని కేసుల కోసం ఒక అర విడిగా పెట్టారు. నేను అడిగేది అదే. వైద్యశాస్త్రమే అనుమానానికి చోటిచ్చాక, నీ కోడ్ మాత్రం అనుమానం ఉంటే ఆ సంగతే లేనట్టు ఎందుకు నడుచుకోవాలి?

కోడర్: కోడ్‌లోనూ చోటుంది. అమెరికా నియమాల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి విషయంలో డిశ్చార్జ్ నాటికి డాక్టర్ ‘బహుశా టాకో’ అని రాసినా, ‘ట్రాలీ అనుమానం’ అని రాసినా మేము దాన్ని ఆ జబ్బు ఉన్నట్టుగానే కోడ్ చేస్తాం. రక్తం వల్లే ఏదో జరిగింది, ఏమిటో తెలియదు అని రాస్తే టి80.92 ఉంది. పేరు తెలిసినా దానికి విడి కోడ్ లేకపోతే టి80.89 ఉంది. డాక్టర్ చేతి నుంచి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట రాయని డాక్టర్‌ని వదిలేసి, కోడర్ ఎందుకు వేయలేదని అడుగుతున్నారు మీరు.

నర్సు: డాక్టర్ ఎందుకు రాయరో నీకు తెలియనిది కాదు. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అది రోగికి మంచిదే, నేను కాదనను. కానీ ఆ తర్వాత కేస్ షీట్‌లో రాసే ప్రతి మాటనూ రేపు వకీలు చదువుతాడన్న భయం వార్డులోకి వచ్చింది. ‘రక్తం వల్ల’ అని రాస్తే బంధువులు బ్లడ్ బ్యాంక్ మీదికి పోతారు. రాయకపోతే ఎవరూ అడగరు. రోగి బాగయి ఇంటికి పోయింది, ఇంకెందుకులే అనుకుంటారు.

కోడర్: ఆ భయాన్ని నేను పెంచాలా? డాక్టర్ రాయని సంబంధాన్ని కోడర్లు తమంతట తాము రాయడం మొదలుపెడితే ఏమవుతుందో ఆలోచించండి. ఇప్పుడు కనీసం రక్తం ఎక్కించిన టైము, ఆయాసం వచ్చిన టైము కేస్ షీట్‌లో ఉంటున్నాయి. రేపు అవి కూడా ఉండవు. ఆయాసం అన్న మాటే మాయమవుతుంది. రాసేవాళ్లకు నమ్మకం ఉన్నంతవరకే రికార్డులో నిజం మిగులుతుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. ట్రాలీ అని ముద్ర పడితే అది రోగితో ఆగదు. ఆ దాత ఇచ్చిన మిగతా ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వెనక్కి పిలుస్తారు, దాతను పరీక్షకు రమ్మంటారు. ఇకమీదట రక్తం ఇవ్వొద్దనీ అనవచ్చు. అసలు కారణం న్యుమోనియా అయి ఉంటే? స్వచ్ఛందంగా చేయి చాచిన మనిషి మీద లేని నేరం మోపినట్టే కదా. రక్తం దొరకడమే కష్టమైన మన కరువు సీమలో ఒక దాతను ఊరికే పోగొట్టుకుంటాం.

నర్సు: ఇది గట్టి మాట. దాత సంగతి నేనూ తేలిగ్గా తీసుకోను. అయితే లెక్క పెట్టడం వల్ల దాతలకు, రోగులకు జరిగిన మేలు కూడా చూడు. 1985లో మేయో క్లినిక్ డాక్టర్లు పొపోవ్‌స్కీ, మూర్ 36 మంది రోగుల వివరాలు ఒక్కచోట పెట్టి ట్రాలీ ఇదీ అని చూపించారు. అంతకుముందు కూడా మనుషులు ఇట్లాగే ఆయాసపడ్డారు. గుండె జబ్బనో, ఇంకేదో అనో రాసి మూసేశారు. తర్వాత బ్రిటన్‌లో 1996 నుంచి షాట్ అనే పథకం కింద ఇలాంటి ఘటనలన్నీ పోగు చేశారు. గర్భాలు దాల్చిన స్త్రీల ప్లాస్మాలో ఈ యాంటీబాడీలు ఎక్కువ ఉంటాయని తేలింది. 2003 చివరి నుంచి వీలైనంతవరకు మగదాతల ప్లాస్మానే వాడారు. ట్రాలీ కేసులు బాగా తగ్గాయి. ఏ దాతనూ దోషిని చేయలేదు, పద్ధతి మార్చారు. లెక్క లేకపోతే ఆ మార్పు వచ్చేదా?

కోడర్: మీ ఉదాహరణే నా వాదనకు బలం అక్కా. షాట్ వాళ్లు బిల్లుల్లోని కోడ్‌లు లెక్కపెట్టి ఆ మాట తేల్చలేదు. ఆసుపత్రులు పంపిన ఒక్కో నివేదికను నిపుణులు కూర్చుని పరిశీలించారు. సంబంధం ఖాయమా, బహుశానా, కాదా అని విడదీశారు. ఆ పని కోసం వేరే వ్యవస్థ ఉండాలి. మన దేశంలోనూ ఉంది. 2012 డిసెంబర్ 10న హీమోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. రక్తం ఎక్కించాక వచ్చిన ఇబ్బందుల వివరాలు నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోలాజికల్స్‌కు చేరతాయి. ఎవరినీ శిక్షించడానికి కాదు, పేర్లు బయటికి రావు. మీ ఆయాసం కేసు వెళ్లాల్సింది అక్కడికి. కోడ్ పుట్టింది బిల్లు కోసం, రికార్డుల వర్గీకరణ కోసం. దాని నెత్తిన నిఘా భారం పెడితే రెండూ చెడతాయి.

నర్సు: ఆ ఫారం నింపడం స్వచ్ఛందం. పెద్ద మెడికల్ కాలేజీల్లో ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్ విభాగం ఉంటుంది, దాని కోసం మనుషులుంటారు. చిన్న ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు ఒక పక్క కాన్పు, ఇంకో పక్క ఈ ఆయాసం. ఆ ఫారం ఎవరు నింపుతారు? నింపనివన్నీ లేనట్టే. కేస్ షీట్ మాత్రం ప్రతి రోగికీ ఉంటుంది, ప్రతి ఆసుపత్రిలో ఉంటుంది. కోడ్‌లతో నిఘా కుదరదంటావు గానీ, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశోధకులే, అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ బిల్లుల్లోని కోడ్‌లు తీసుకుని, వృద్ధుల్లో ట్రాలీ, టాకో ఎంత ఉన్నాయో, ఎవరికి ఎక్కువ వస్తున్నాయో అంచనా వేశారు కదా.

కోడర్: వేశారు, నిజమే. లక్షల మంది వివరాలు ఒక్కసారిగా చూడాలంటే కోడ్‌లకు మించిన సాధనం లేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ కోడ్‌లు ఎప్పుడొచ్చాయో చూడండి. ట్రాలీకి అమెరికా ఐసీడీ-9లో విడి కోడ్ 2006లో, టాకోకు 2010లో వచ్చింది. జబ్బుకు పేరు పెట్టిన ఇరవై ఏళ్లకు పైగా కోడ్ లేదు. ముందు వైద్యులు చూడాలి, పేరు పెట్టాలి, రాయాలి. తర్వాతే కోడ్. ఈ వరస తిరగేస్తే వచ్చే లెక్క పెద్దగా కనబడుతుంది గానీ నమ్మదగ్గది కాదు. అక్కడ కోడ్‌కు డబ్బుతో ముడి ఉంది. జబ్బు తీవ్రతను బట్టి చెల్లింపు మారుతుంది. కోడర్ ఊహకు తలుపు తెరిస్తే, ఆసుపత్రికి లాభం వచ్చే కోడ్‌లు పెరుగుతాయి, చెడ్డపేరు తెచ్చేవి తగ్గుతాయి. రాసిందే కోడ్ అన్న నియమం ఆ రెండు దొంగతనాలకూ అడ్డు.

నర్సు: సరే, డబ్బు మాట నువ్వే తెచ్చావు కాబట్టి మన సంగతి చూద్దాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది మూడు జిల్లాల్లో. వాటిలో అప్పటి మన ఉమ్మడి అనంతపురం ఒకటి. దాని వల్ల ఎంతమంది ప్రాణాలు నిలిచాయో నేను కళ్లారా చూశాను. కానీ అక్కడ చెల్లింపు ప్యాకేజీ లెక్కన. ఏ ఆపరేషన్, ఏ చికిత్స అన్నదే ముఖ్యం. మధ్యలో రక్తం వల్ల ఆయాసం వచ్చిందని రాసినా ఆసుపత్రికి ఒరిగేదేమీ లేదు, కాబట్టి ఎవరూ రాయరు. మన దేశంలో వాడే డబ్ల్యూహెచ్‌ఓ ఐసీడీ-10లో ట్రాలీకి, టాకోకు విడి కోడ్ లేదు. టి80 కింద తక్కినవాటితో కలిసిపోతాయి. సోమందేపల్లె పిల్లవి నువ్వు, అమెరికాలో ముసలావిడకు ఆయాసం వస్తే దాని కోసం జె95.84 వెతుకుతావు. నీ వీధి చివర ఉండే మనిషికి అదే ఆయాసం వస్తే వెతికేవాళ్లు లేరు. నాకు బాధ అక్కడ.

కోడర్: ఆ బాధ నాకూ ఉంది. కానీ దానికి మందు నా నియమం సడలించడం కాదు. ఇక్కడ కూడా ఆసుపత్రుల్లో చదువుకున్న కోడర్లను పెట్టాలి, డాక్టర్‌ని ప్రశ్న అడిగే హక్కు వాళ్లకివ్వాలి. మాకు క్వెరీ అని ఒకటి ఉంటుంది. చార్టులో గుర్తులు కనబడి, డాక్టర్ మాట లేనప్పుడు రాసి పంపుతాం. ఉదాహరణకు ఇట్లా: ‘రాత్రి 11.20కి ప్యాక్డ్ సెల్స్ మొదలు. 1.10కి నర్సు నోట్‌లో ఆయాసం, ఆక్సిజన్ 96 నుంచి 84కి, బీపీ 170/100. 1.30కి లాసిక్స్. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లో నీరు. మీ వైద్య నిర్ణయం ప్రకారం ఈ శ్వాస ఇబ్బందికి కారణం రాయగలరు: రక్తం ఎక్కించడం వల్ల సర్క్యులేటరీ ఓవర్‌లోడ్, రక్తహీనతతో గుండె వైఫల్యం, న్యుమోనియా, ఇతరం, చెప్పలేం.’ జవాబు నేను డాక్టర్ నోట్లో పెట్టకూడదు. ‘ఇది టాకోనే కదా’ అని అడగకూడదు. వివరాలు ముందు పెట్టి వదిలేయాలి.

నర్సు: ఇది నాకు నచ్చింది. అయితే ఒకటి చెప్పు. అలాంటి చార్టు వచ్చిన ప్రతిసారీ నువ్వు అడుగుతావా? రోజుకు ఇన్ని చార్టులు పూర్తి చేయాలని మీకు లెక్క ఉంటుందంటారు. క్వెరీ పంపితే ఆ చార్టు ఆగిపోతుంది. ఆయాసం అని ఒక కోడ్ వేస్తే ముందుకు పోతుంది. నియమం పాటించానన్న తృప్తి కూడా మిగులుతుంది. ‘రాయలేదు, వేయలేదు’ అన్న మాట న్యాయంగా ఉండొచ్చు. ‘అడగలేదు’ అన్నది న్యాయమేనా?

కోడర్: కాదు. గుర్తులు కనబడ్డాక అడగకపోవడం తప్పే, అది నియమాలే చెబుతాయి. చార్టుల లెక్క కోసం ప్రశ్న మింగేస్తే మా పనికి విలువ లేదు. కానీ నేను అడగాలంటే గుర్తులు కాగితం మీద ఉండాలి కదా. అది మీ చేతిలో పని. నర్సు నోట్ చూసి నేను జబ్బుకు కోడ్ వేయలేను, కానీ దాన్ని పట్టుకుని డాక్టర్‌ని ప్రశ్నించగలను. ‘రోగికి ఆయాసం, ఆక్సిజన్ పెట్టాం, డాక్టర్‌కి చెప్పాం’ అని ఒక్క వరస రాస్తే దాంతో ఏం చేయను? బ్యాగు నంబరు ఏది? మొదలుపెట్టిన టైము ఏది? మొదటి పదిహేను నిమిషాల్లో నాడి, బీపీ ఎంత? ఆయాసం వచ్చేసరికి ఎంత రక్తం ఎక్కింది? ఆపారా, కొనసాగించారా?

నర్సు: ఆ వివరాలన్నీ రాయాల్సిందే. రక్తం తగిలించిన మొదటి పదిహేను నిమిషాలు పక్కనే నిలబడాలని, నాలుగు గంటల్లోపు బ్యాగు పూర్తికావాలని, ఆయాసం వస్తే వెంటనే ఆపి సూది మాత్రం ఉంచాలని మా చదువులో మొదటి పాఠాలు. రాయకపోతే తప్పు మాదే. కానీ వార్డంతా ఒక్కరి మీద వదిలి, పక్కనే నిలబడలేదేమని అడిగితే ఆ ప్రశ్న సగమే అవుతుంది. రెండో నర్సు కావాలని అడగడానికి మా దగ్గర ఏం రుజువుంది? ఇన్ని కేసుల్లో రక్తం వల్ల ఆయాసం వచ్చింది, దగ్గర మనిషి ఉంటే తప్పేది అని చూపించే అంకె కావాలి. ఆ అంకె నీ కోడ్ నుంచి రావాలి. నువ్వేమో నా నోట్ నుంచి రావాలంటావు.

కోడర్: అంకె రాకముందే చేయగలిగింది లేదా? టాకో రాకుండా చూసే దారి కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. ఏళ్ల తరబడి రక్తం తక్కువగా ఉన్న మనిషికి, బరువు తక్కువ మనిషికి, ముసలివాళ్లకు మెల్లగా ఎక్కించాలి. ఒక బ్యాగు అయ్యాక ఆగి చూడాలి. అవసరమైతే నీరు తీసే మందు ముందే ఇవ్వాలి. అసలు రక్తమే అవసరమా, ఐరన్ ఇంజెక్షన్‌తో సరిపోతుందా అని ఆలోచించాలి. లెక్కలు తేలేదాకా ఆగే పని కాదు ఇది.

నర్సు: తెలిసిన పని జరగడం లేదంటే, జరగనందువల్ల ఎంత నష్టమో ఎవరికీ కనబడకపోవడమే కారణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత అని తేలింది. ఆ అంకె ఉంది కాబట్టే ఐరన్ మాత్రల గురించి, బడిపిల్లల గురించి ప్రభుత్వం మాట్లాడుతుంది. వాళ్లలో రక్తం ఎక్కించేదాకా వచ్చినవాళ్లెందరు, ఎక్కించాక ఊపిరాడక అల్లాడినవాళ్లెందరు? ఇంకో సంగతి. చాలామంది ఆయాసం ఆసుపత్రిలో రాదు. పట్నంలో పగలు రక్తం ఎక్కించుకుని సాయంత్రం బస్సెక్కి ఇంటికొస్తారు. టాకోకు పన్నెండు గంటల గడువు ఉందన్నాను కదా. అర్ధరాత్రి ఊరి నుంచి ఆటోలో వేరే ఆసుపత్రికి పోతారు. అక్కడి డాక్టర్‌కి రక్తం సంగతి తెలియదు. కొందరిని బెంగళూరు పంపుతారు, కాగితాలు ఒకచోట, మనిషి ఒకచోట. అప్పుడు నీ క్వెరీ ఎవరికి పంపుతావు?

కోడర్: ఎవరికీ పంపలేను. ఆ రెండో ఆసుపత్రి కాగితంలో రక్తం అన్న మాటే ఉండదు. అక్కడ నా నియమం మంచిదైనా, ఎంత జాగ్రత్తగా పాటించినా ఆ మనిషికి ఉపయోగం లేదు. ఇది నేను కాదనలేను. కానీ మీరు కోరినట్టు ఊహించి కోడ్ వేసినా ఆమె దొరకదు కదా. రెండు పద్ధతుల్లోనూ జారిపోయేది ఆమే.

నర్సు: అందుకే నేను కోడ్‌ను మాత్రమే తప్పుపట్టడం లేదు. అయినా ఒక దగ్గర మన దారులు కలవవు. అనుమానం ఉన్నప్పుడు లెక్కలోకి తీసుకుని తర్వాత వడకట్టాలంటాను నేను. తేలినవే లెక్కలోకి రావాలంటావు నువ్వు.

కోడర్: అవును. తేలనిదాన్ని తేలినట్టు రాస్తే రేపు తేలినదాన్ని కూడా ఎవరూ నమ్మరు. అనుమానాలకు హీమోవిజిలెన్స్ ఫారం ఉంది. దాన్ని ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ తప్పనిసరి చేయమని అడగండి, నేనూ మీతో వస్తాను. కోడ్ పుస్తకాన్ని మాత్రం దాని పని చేయనివ్వండి.

నర్సు: ఫారం తప్పనిసరి అయ్యేదాకా అల్లాడే ఆడవాళ్ల మాటేమిటని నేను అడుగుతూనే ఉంటాను. అంతవరకు ఇది చదివేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా రక్తం ఎక్కిస్తే బ్యాగు నంబరు, మొదలైన టైము, అయిపోయిన టైము ఒక కాగితం మీద రాయించి తెచ్చుకోండి. ఎక్కుతుండగా ఆయాసం అనిపిస్తే వెంటనే పిలవండి, ఓర్చుకోవద్దు. ఇంటికొచ్చాక ఆ రోజు గానీ, మర్నాడు గానీ ఊపిరి బిగిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోండి. పోయిన చోట డాక్టర్‌కి మొట్టమొదట ఆ కాగితం చూపించి, ‘ఫలానా టైముకు రక్తం ఎక్కించారు, ఆ సంగతి కేస్ షీట్‌లో రాయండి’ అని అడగండి.